నాలుగో స్థానం రాసిపెట్టిన పీటీ మిస్సు

పోయిన బుధవారం పొద్దున బెంగళూరు హూడిలో మా ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే ఫోన్ మోగింది. పీటీ మిస్సు మేనకోడలు. "అక్కా, అత్త పోయింది. ఆరూ పన్నెండుకు," అంది. ఒక్క క్షణం ఆగి, "పన్నెండు నిమిషాల నలభై సెకండ్లు. గడియారం చూసి పెట్టుకున్నా. చూడకుంటే తిట్టేది కదా," అంది. ఏడుస్తూనే అంది. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. పైకీ కిందికీ వెళ్ళేవాళ్ళు నన్ను తప్పుకుని వెళ్తున్నారు. ఆ నలభై సెకండ్ల మాట వల్లే నాకు నమ్మకం కలిగింది, ఆమె నిజంగా పోయిందని.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసేంత పెద్ద పని ఏదీ తాను చేయలేదని ఆమే అనేది. శ్రీరాంపురంలో ఒక ఆడపిల్లల స్కూల్లో ముప్ఫై ఏళ్ళు వ్యాయామం నేర్పింది. బెంగళూరులో అథ్లెటిక్స్ పోటీలు ఎప్పుడు జరిగినా ముగింపు గీత పక్కన మెట్ల బల్ల మీద కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కేది. ఆసియా అథ్లెటిక్స్ పోటీలు మొదలైన రోజు నుంచి ప్రతి పోటీ ఫలితాన్నీ చేత్తో రాసిపెట్టింది. ఈ మూడో పని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఊళ్ళో టీచరమ్మలందరినీ మిస్సు అంటారు కాబట్టి ఆమె కూడా మిస్సే. మా వీధిలో కూరలమ్మే ఆవిడకీ, పోస్ట్‌మన్‌కీ, చివరికి డాక్టరుకీ పీటీ మిస్సే.

నేను పెళ్ళయి హిందూపురం నుంచి వచ్చి ఆమె ఇంటి మేడ మీద అద్దెకు దిగింది తొంభయ్యారులో. మొదటి రోజే కొళాయి దగ్గర పలకరించింది. చీర మీద తెల్లటి కాన్వాసు బూట్లు, మెడలో నల్లదారానికి విజిలు.

"నీళ్ళకి ఎప్పుడు వస్తావమ్మా?"

"పది నిమిషాల్లో వస్తానండీ."

"పది అంటే పదా, పదునాలుగా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "నవ్వేదానికి కాదప్పా. పదునాలుగు అయితే నేను లోపలికి పోయి ఒక పని చేసుకోని వస్తా. పది అయితే ఇక్కడే నిలబడతా. అందుకు అడిగినా."

నేను పన్నెండు నిమిషాలకు వచ్చాను. ఆమె చేతి గడియారం చూసుకుంది. ఆ తర్వాత రెండేళ్ళకి గానీ నాకు సమయం చెప్పడం రాలేదు.

అప్పట్లో నేను మల్లేశ్వరంలో ఒక చిన్న దుకాణంలో కంప్యూటర్ మీద పుస్తకాలు, పెళ్ళిపత్రికలు కంపోజ్ చేసేదాన్ని. ఈ సంగతి తెలిసిన వారం లోపలే మిస్సు నన్ను కిందికి పిలిచి ఒక ఇనుప బీరువా తెరిచింది. నిండా లాంగ్ నోట్‌బుక్కులు. ఒక్కో పోటీకి ఒక్కో పుస్తకం. అట్ట మీద ఊరి పేరు, సంవత్సరం. నేను ఒకటి తీసి చూసి తికమకపడ్డాను. అక్షరాలు కన్నడం. చదువుతుంటే మాట తెలుగు.

"మా నాయనతో మాట్లాడిన మాట తెలుగు. స్కూల్లో నేర్చిన అక్షరం కన్నడం. రెండూ నావే, దేన్ని వదిలేది?" అంది.

హిందూపురం దాన్ని గనక నాకు రెండు లిపులూ వచ్చు. "నువ్వు చదవగలవు, టైపు కొట్టగలవు. దీన్ని తెలుగు అక్షరాల్లో పుస్తకం చేస్తాము," అంది. చేద్దామా అని అడగలేదు. అట్లా మొదలయింది.

శనివారం సాయంత్రాలు, ఆదివారం పొద్దుటి పూట మేమిద్దరం కూర్చునేవాళ్ళం. ఆమె చదివేది, నేను కాగితం మీద తెలుగులో రాసుకునేదాన్ని, సోమవారం దుకాణంలో ఖాళీ దొరికినప్పుడు కొట్టేదాన్ని. చదివేముందు ఆమె అర లోటా రాగి గంజి తాగేది. అర లోటానే. నిండా తాగితే నిద్ర వస్తుందని చెప్పేది. నాకేమో పరుగుపందేల గురించి ఓనమాలు తెలియవు. ఆమె ఓపిగ్గా చెప్పింది. డెబ్భై మూడులో మనీలాలో మొదటి పోటీలు. డెబ్భై అయిదులో సియోల్. ఆ తర్వాత నాలుగేళ్ళు ఏమీ లేదు. ఆమె ఆ నాలుగేళ్ళకీ ఒక పుస్తకం పెట్టింది. అందులో ఒక్క పేజీ కూడా రాయలేదు, అట్ట మీద సంవత్సరాలు మాత్రం వేసింది.

"ఖాళీ పుస్తకం ఎందుకు మిస్సూ?"

"ఆ నాలుగేండ్లల్లో ఇరవై, ఇరవై ఒకటి వయసుండిన పిల్లలు ఉంటారు కదా. శానా బాగా పరిగెత్తే వయసు అది. పోటీ లేదు కాబట్టి వాళ్ళ పేరు యాడా ఉండదు. వాళ్ళది ఆ పుస్తకం."

ఆ ఖాళీ పుస్తకం అట్ట మీది సంవత్సరాలు కూడా నేను రాసుకున్నాను.

టోక్యో, కువైట్, జకార్తా, సింగపూర్. ఈ పేర్లు నేను అంతకు ముందు భూగోళం పాఠంలోనే విన్నాను. మిస్సు వాటిని పక్క పేటల్లాగా చెప్పేది. తాను బెంగళూరు దాటి ఎక్కువగా పోయింది లేదు. ఎనభై తొమ్మిదిలో పోటీలు ఢిల్లీకి వచ్చినప్పుడు మాత్రం సెలవు పెట్టి, రైలెక్కి, టిక్కెట్టు కొనుక్కుని ప్రేక్షకుల్లో కూర్చుని చూసి వచ్చింది. ఆ పోటీల్లో మన అమ్మాయిలు ఎట్లా పరిగెత్తారో చెప్పేటప్పుడు కుర్చీలో ముందుకు జరిగేది. తొంభైల్లో సోవియట్ దేశం విడిపోయాక పట్టికలో కొత్త దేశాల పేర్లు వచ్చి చేరాయి. వాటిని కన్నడంలో ఎట్లా రాయాలో ఎవరినీ అడగలేక, రేడియోలో వినపడినట్టు రాసుకుంది. ఆడవాళ్ళకి మొదట్లో దూరం పరుగులు తక్కువని, ఒక్కొక్కటే చేరుతూ వచ్చాయని, తొంభైల చివర పోల్ పట్టుకుని దూకేది కూడా వచ్చిందని చెప్పేది. అట్లా కొత్తగా చేరిన ప్రతి పోటీకీ ఎర్ర సిరాతో గీత గీసి ఉండేది. ఆ గీతలే నాకు చరిత్ర లాగా కనిపించేవి.

పత్రికలు మూడు స్థానాలు వేస్తాయి. బంగారం, వెండి, కంచు. మిస్సు ఎనిమిది రాసేది. దొరక్కపోతే ఉత్తరాలు రాసి, తెలిసిన కోచ్‌లని, క్రీడాకారుల్ని అడిగి, కొన్నేళ్ళకైనా సరే పూర్తి చేసేది. "నాలుగో స్థానం కూడా స్థానమే పద్మా. మూడో మనిషి వెనకాల ఎవరూ లేకుంటే మూడో మనిషి ఎంత పరిగెత్తినట్టు?" అనేది.

టైంకీపర్‌గా ఆమె నాకు చెప్పిన మాట ఇంకొకటి ఉంది. "గీత చూడాల. మనిషిని చూడరాదు. మనిషిని చూస్తే, మనకు ఇష్టమైన మనిషి ముందుగా వచ్చినట్టు కనపడుతుంది." నిజానికి ఈ మాటే ఒకసారి ఆమెను తప్పుదోవ పట్టించింది. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

తొంభై ఎనిమిదిలో జపాన్‌లో పోటీలు అయిపోయిన కొన్ని వారాలకి ఒక కన్నడ పత్రిక మిస్సు గురించి చిన్న వార్త వేసింది. ఇనుప బీరువా ముందు నిలబడిన ఫోటో. ఆ తర్వాతి ఆదివారం పొద్దున మేము రాసుకుంటుంటే గుమ్మంలో ఒకావిడ నిలబడింది. ముప్ఫై అయిదు, ముప్ఫై ఆరేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంది. పత్రిక ముక్క చేతిలో మడిచి పట్టుకుంది.

"దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చినా మిస్సూ. నా పేరు సరోజమ్మ. మీ పుస్తకంలో నా పేరు ఉండాదేమో చూసి పోదామని."

"ఏ పోటీ అమ్మా?"

ఆవిడ ఊరూ సంవత్సరమూ చెప్పింది. వాటిని నేనిక్కడ రాయను. ఇందులో ఇంకొకరి గౌరవం కూడా ఉంది. ఎనభైల్లో ఒక పోటీ, తూర్పు దేశంలో ఒక నగరం అనుకోండి చాలు. ఆడవాళ్ళ నాలుగు వందల మీటర్ల రిలే. నలుగురు తలా నూరు మీటర్లు పరిగెత్తే పందెం. "మూడో అంచె నేను పరిగెత్తినా. మనకు నాలుగో స్థానం వచ్చింది," అంది సరోజమ్మ.

మిస్సు పుస్తకం తీసింది. పేజీ వెతకనక్కర్లేదు ఆమెకి, వేలు పెడితే ఆ పేజీయే వచ్చేది. నాలుగో స్థానం ఇండియా. నలుగురి పేర్లు. మూడో పేరు సరోజమ్మది కాదు.

"ఇందులో వేరే అమ్మాయి పేరు ఉండాది."

"ఆయమ్మకి పొద్దున ప్రాక్టీసులో తొడ పట్టుకునింది మిస్సూ. నేను రిజర్వులో ఉండినా. గంట ముందు నన్ను దిగమన్నారు. పేర్ల కాగితం అప్పటికే ఆఫీసర్లకి పోయి ఉండింది."

"ఎవరైనా రాసిచ్చినారా?"

"లేదు."

"ఫోటో?"

"లేదు మిస్సూ. నేను పరిగెత్తినా, అంతే."

మిస్సు పుస్తకం మూసింది. "చూడమ్మా, నేను నోటి మాట రాయను. ఈ పుస్తకంలో ఒక్క పేరు నోటి మాట మీద రాస్తే, మిగిలిన పేర్లకి ఏమి బెల? కాగితం తీసుకోని రా, రాస్తా."

కన్నడంలో బెల అంటే విలువ. ఆ మాట ఆ గదిలో ఎంత కటువుగా పడిందో నాకు గుర్తుంది. సరోజమ్మ వాదించలేదు. "సరే మిస్సూ" అని, పత్రిక ముక్కను ఇంకో మడత పెట్టి, కొంగుకు ముడేసుకుంది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, మిస్సుతో కాదు, నాతో అంది: "ఇంట్లో అందరూ అబద్ధం అంటారు పాపా. నా కూతురు కూడా నవ్వుతుంది. పుస్తకంలో ఉంటే చూపించొచ్చు అనుకున్నా."

ఆమె వెళ్ళాక మిస్సు మామూలుగానే చదవడం మొదలుపెట్టింది. రెండు వరసలు చదివి ఆపేసింది.

"ఆయమ్మ నిలబడింది చూసినావా?"

"చూశాను. ఏం?"

"బరువంతా పాదాల ముందు భాగం మీద వేసి నిలబడింది, పరిగెత్తే మనిషి మాదిరి. మాట్లాడుతా ఉన్నంతసేపూ." గుమ్మం వైపు చూసింది. "మనిషిని చూడరాదని నేనే అంటా. చూసేసినా."

ఆ పూట ఇంకేం పని జరగలేదు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల కాళ్ళు చూసిన కళ్ళు ఒక మాట చెప్తున్నాయి, కాగితం ఇంకో మాట చెప్తోంది. ఆమె అట్లా సతమతమవడం నేను చూడటం అదే మొదటిసారి.

మరుసటి రోజే ఉత్తరాలు మొదలయ్యాయి. ఢిల్లీలో అథ్లెటిక్స్ సంఘానికి రెండు రాసింది, జట్టులో మిగిలిన ముగ్గురికి దొరికిన అడ్రసులకి రాసింది, దేనికీ జవాబు రాలేదు. పోటీలు జరిగిన దేశానికి, నా చేత ఇంగ్లీషులో కొట్టించి, ఒకటి రాసింది. నాలుగు నెలలకి వాళ్ళు మర్యాదగా ఆనాటి ఫలితాల కాగితం నకలు పంపారు. కవరు మిస్సే చింపింది. అందులోనూ అదే పాత పేరు. గంట ముందు జరిగిన మార్పు ఆ కాగితానికి చేరనే లేదు, లేదా సరోజమ్మ చెప్పేది అబద్ధం.

"ఇంగ ఒక్కరే ఉండారు," అంది మిస్సు. "కాగితంలో పేరుండే ఆయమ్మ."

ఆమె వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోందని తెలిసింది. మిస్సు ఆమెకు రాసిన ఉత్తరం నేనే సాఫుగా తిరగరాశాను. నిందలేమీ లేవు. "ఆ రోజు మూడో అంచె ఎవరు పరిగెత్తినారో మీకు, దేవుడికి, ఇంకో ముగ్గురికి తెలుసు. నాకు తెలియదు. తెలిస్తే రాసుకుంటాను," అని ఉంది. జవాబు రాలేదు. నెలలు గడిచాయి. పుస్తకం మిగతా భాగం కంపోజింగ్ అయిపోయింది. ఆ ఒక్క పేజీ దగ్గర మిస్సు పెన్సిలుతో చిన్న ప్రశ్న గుర్తు పెట్టి అచ్చుకి పంపనివ్వలేదు.

"ఒక్క పేరు కోసం పుస్తకం అంతా ఆపాలా మిస్సూ?" అని నేను ఒకసారి విసుక్కున్నాను.

"పుస్తకం అంటేనే పేర్లు కదప్పా," అంది.

ఆ మరుసటి ఏడాది బెంగళూరు స్టేడియంలో రాష్ట్ర పోటీలు జరిగాయి. మిస్సు నన్ను కూడా రమ్మంది, పుస్తకం రాసేదానికి ఒక్కసారైనా పరుగు చూడకపోతే ఎట్లా అని. నేను మెట్ల బల్ల కింద, నీడలో నిలబడ్డాను. ఆమె పై నుంచి రెండో మెట్టు మీద, చేతిలో వాచీతో. పొద్దున తొమ్మిది దాటింది. ఆడపిల్లల రెండు వందల మీటర్ల పందెం మొదలవబోతుండగా నలభై ఏళ్ళ ఒకావిడ వచ్చి బల్ల పక్కన నిలబడింది. భుజానికి ఆఫీసు బ్యాగు. కన్నడంలో మాట్లాడింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"మీరు నాకు ఉత్తరం రాశారు," అంది.

మిస్సు తల తిప్పలేదు. "ఈ పందెం అయిపోనీ అమ్మా," అంది. తుపాకీ పేలింది. అమ్మాయిలు మలుపు తిరిగి వచ్చారు. మిస్సు చూపు గీత మీదే ఉంది. వాచీ నొక్కింది, సంఖ్య రాసుకుంది, పక్క వాళ్ళతో సరిచూసుకుంది. అప్పుడు మెట్లు దిగి వచ్చింది.

"చెప్పమ్మా."

"నేను పరిగెత్తలేదు. తొడకి ఐసు కట్టుకుని గ్యాలరీలో కూర్చున్నాను. సరోజ పరిగెత్తింది. బ్యాటన్ తీసుకునేటప్పుడు కొంచెం తడబడింది, ఆ తర్వాత ఒకరిని దాటింది. నేను చూశాను."

"మరి ఇన్నేళ్ళు..."

"మొదట్లో అది పొరపాటని చెప్పాలనుకున్నాను. ఊరికి వచ్చేసరికి సన్మానం పెట్టారు, వార్తలో నా పేరు వేశారు. మా నాన్న ఆ వార్త ఫ్రేము కట్టించి గోడకు పెట్టాడు. ఆయన ఈ మధ్యే పోయాడు. మీ ఉత్తరం వచ్చినప్పుడు ఇంకా ఉన్నాడు."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం ట్రాక్ మీద ఉన్నాయి. మిస్సు ఆమె చేయి పట్టుకుంది. ఒక్క దెప్పు మాట అనలేదు. "రాసిస్తావా?" అంది అంతే.

ఆమె బ్యాగులోంచి కాగితం తీసింది. ముందే రాసుకుని వచ్చింది. కింద సంతకం, తేదీ. మిస్సు దాన్ని చదివి, మడిచి, తన ఫైలులో పెట్టుకుని, "దీనికి ఎంత బలం కావాల్నో నాకు తెలుసమ్మా. నూరు మీటర్ల కంటే కష్టం," అంది. ఆమె మొదటిసారి నవ్వింది. తర్వాతి పందెం పిలిచారు. మిస్సు మళ్ళీ మెట్లెక్కింది.

ఇంటికి వచ్చాక ఆమె నోట్‌బుక్కులో పాత పేరు చెరపలేదు. దాని మీద ఒకే ఒక గీత కొట్టి, పక్కన సరోజమ్మ పేరు రాసి, కింద సంతకం చేసి తేదీ వేసింది. అధికారిక ఫలితం దిద్దేటప్పుడు అట్లాగే చేయాలట. పాతది కూడా కనపడాలట. పుస్తకంలో ఆ పేజీ అడుగున వేయమని ఒక వాక్యం చెప్పింది: "ఇంతకు ముందు అచ్చయిన పేరు పొరపాటు. దాన్ని దిద్దింది ఆ జట్టు మనుషులే." తన పేరు అందులో లేదు. నేను అడిగితే, "నేను ఆలస్యం చేసిన దాన్ని," అంది.

అప్పుడే మళ్ళీ జకార్తాలో జరిగిన పోటీల ఫలితాలు కూడా చేర్చి, పుస్తకం రెండు వేల సంవత్సరంలో వచ్చింది. మొదటి ప్రతి అందిన ఆదివారం పొద్దున మేమిద్దరం యశ్వంతపురంలో రైలెక్కి దొడ్డబళ్ళాపురం వెళ్ళాం. ముందుగా చెప్పలేదు. సరోజమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోతే మగ్గాల షెడ్డులో ఉందన్నారు. ఆమె బావగారిదే ఆ షెడ్డు. పది, పన్నెండు మరమగ్గాలు. గుమ్మంలో నిలబడి పిలిస్తే మా మాట మాకే వినపడలేదు. మిస్సు మెడలోని విజిలు తీసి ఒక్కసారి ఊదింది.

మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. సరోజమ్మ చివరి మగ్గం దగ్గర నిలబడి ఉంది. మమ్మల్ని చూసి కదలలేదు.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు బావగారు.

"బెంగళూరు నుంచి. స్కూలు మిస్సుని. ఒక పేజీ చదవాల. రెండు నిమిషాలు పడుతుంది," అంది మిస్సు.

వాళ్ళంతా తెలుగు మాట్లాడే నేతవాళ్ళే. తెలుగు అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. మిస్సు కూడా ఆ పుస్తకంలో అక్షరాలు కూడబలుక్కుని చదవాల్సిందే. అందుకని నా చేతికివ్వబోయి, ఏమనుకుందో, మళ్ళీ తనే తీసుకుంది. ఆ పేజీ ఆమెకు చూడకుండా వచ్చు. పీటీ పీరియడులో వాడే గొంతుతో చదివింది. పోటీ పేరు, ఊరు, సంవత్సరం. మొదటి స్థానం దేశం, రెండో స్థానం, మూడో స్థానం. "నాలుగు, ఇండియా," అని ఆగి, నలుగురి పేర్లు చెప్పింది. "మూడో అంచె, సరోజమ్మ, దొడ్డబళ్ళాపురం."

సరోజమ్మ తల వంచుకుని మగ్గం మీద తెగిన పోగు ఒకటి తీసి ముడి వేస్తోంది. ముడి పడటం లేదు.

ఆమె భర్త అనుకుంటాను, రెండో మగ్గం దగ్గరున్నాయన, నెమ్మదిగా అడిగాడు. "టైం ఎంత మిస్సూ?"

మిస్సు చెప్పింది. సెకండులో నూరో వంతు దాకా చెప్పింది.

"నూరు మీటర్లంటే ఎంత ఉంటుంది?"

మిస్సు పుస్తకం నాకిచ్చి షెడ్డు బయటికి నడిచింది. అందరూ వెనకాలే వచ్చారు. గుమ్మం దగ్గర మడమ ఆనించి, వీధి వెంట కొలత అడుగులు వేసుకుంటూ పోయింది. లెక్క పెట్టుకుంటూ, ఎవరినీ చూడకుండా. పిండిమర దాటి, సైకిలు షాపు దాటి, నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగి చేయి పైకెత్తింది.

"అంతేనా?" అన్నాడు బావగారు. "ఇంత దానికి సముద్రం దాటి పోయిందా?"

"అంతే," అని అక్కడి నుంచే గట్టిగా చెప్పింది మిస్సు. "ఆ పొద్దు ఆ దూరం పోవడానికి ఈ దేశంలో నలుగుర్నే పిలిచినారు. అందులో మీ ఇంటి మనిషి ఒకరు."

సరోజమ్మ కూతురు పదిహేనేళ్ళ పిల్ల. గుమ్మంలో నిలబడి నీళ్ళ ట్యాంకు వైపు చూసింది, వాళ్ళమ్మ పాదాల వైపు చూసింది. మళ్ళీ ట్యాంకు వైపు చూసింది.

తిరిగి వచ్చే ముందు మిస్సు సరోజమ్మ దగ్గరికి పోయి, "ఆ పొద్దు మా ఇంట్లో నిన్ను అట్ల పంపించకూడదు. తప్పయింది," అంది. పెద్ద వయసు మనిషి, అందరి ముందూ అంది. సరోజమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "మీరు నమ్మి రాసి ఉంటే వీళ్ళు నమ్మేవాళ్ళు కాదు మిస్సూ. కాగితం ఉండాల," అంది. నేను ఆ పేజీని కన్నడ అక్షరాల్లో రాసిచ్చాను. పిల్లే ముందు చదివింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఉంది మిస్సు. కొలంబో, మళ్ళీ మనీలా, ఇంచాన్, అమ్మాన్. నాలుగు పుస్తకాలు బీరువాలో చేరాయి. నేను మల్లేశ్వరం దుకాణం వదిలి హూడిలో కంపెనీలో చేరాను. అక్కడ నా పని ఇతరులు రాసిన కాగితాల్లో తప్పులు పట్టడం. మా మేనేజరు ఒకసారి, ఇంత చిన్న విషయానికి ఇన్ని ప్రశ్నలెందుకని అడిగాడు. నేను ప్రశ్నలు మానలేదు. అవి నాకెక్కడి నుంచి వచ్చాయో మీకిప్పుడు తెలుసు. చివరి ఏడాది ఆమె కళ్ళు మసకబారాయి. వాచీ పట్టుకోవడం తనే మానేసింది, ఎవరూ మానమనక ముందే. మేనకోడలు ఫలితాలు చదివి వినిపిస్తే, ఎనిమిదో పేరు దాకా వినేది. వచ్చే ఏడాది పోటీలు చైనాలోనట. ఆ పుస్తకం అట్ట మీద ఊరి పేరు రాసి, నాకిచ్చి, "లోపల నువ్వు రాయి. నీ అక్షరంలోనే రాసుకో," అంది. పోయిన నెల మాట ఇది. భయం గానీ దిగులు గానీ ఆమె ముఖంలో నాకు కనపడలేదు.

బుధవారం మధ్యాహ్నానికి వీధి నిండిపోయింది. ఆమె దగ్గర చదువుకున్న ఆడవాళ్ళు, ఉద్యోగాలు వదిలి, దుకాణాలు మూసి వచ్చారు. శ్మశానానికి ఆడవాళ్ళు రాకూడదని ఎవరో పెద్దాయన అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. వరసగా, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. ఆమె నేర్పిన నడకే అది. సరోజమ్మ నా పక్కనే నడిచింది. దారిలో ఒక్కటే మాట మాట్లాడింది. "నా కూతురు చందాపుర దగ్గర స్కూల్లో పీటీ మిస్సు అయింది. మన మిస్సుకి చెప్పినాలే, పోయిన పండగకి," అంది.

అంతా అయ్యేసరికి నాలుగు దాటింది. సరోజమ్మను పంపిద్దామని యశ్వంతపురం దాకా వెళ్ళాను. మేము మలుపు తిరిగేసరికి దొడ్డబళ్ళాపురం బస్సు స్టాపు వదిలి కదిలిపోతోంది. "ఇంకొకటి వస్తుందిలే అక్కా, నిలబడదాం," అన్నాను. ఆమె నా మాట విన్నదో లేదో. చెప్పులు విడిచి ఎడమ చేతిలో పట్టుకుంది. కుచ్చిళ్ళు ఎత్తి నడుముకి దోపుకుంది. నలభై ఆరేళ్ళ మనిషి, పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టని మనిషి, రోడ్డు మీదికి దిగింది.

నేను అంతవరకు ఆమె పరిగెత్తగా చూడలేదు. తల కదల్లేదు. భుజాలు కదల్లేదు. పాదాలు నేలను తాకుతున్నాయో లేదో తెలియలేదు. పళ్ళబండి వాడు త్రాసు పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. ఆటోవాళ్ళు తలలు బయటపెట్టారు. కండక్టరు గుమ్మంలోంచి చేయి చాచాడు. సరోజమ్మ ఆ చేయి అందుకోలేదు. కడ్డీ పట్టుకుని ఒక్క అంగలో పైకెక్కి, ఫుట్‌బోర్డు మీద నిలబడి వెనక్కి తిరిగింది. జుట్టు ముడి ఊడి గాలికి ఎగురుతోంది, చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి, సాయంత్రపు ఎండ ముఖం మీద పడుతోంది. బస్సు ఫ్లైఓవర్ ఎక్కి కనుమరుగయ్యేదాకా ఆమె లోపలికి వెళ్ళలేదు.